కొత్త కాలేజీని చేర్చుకోవాలంటే ముందు భాగహారం: అమెరికా కాన్ఫరెన్సుల అసలు లెక్క

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం ఒడ్డున ఉన్న బర్క్లీ యూనివర్సిటీ జట్లు 2024 నుంచి తూర్పు తీరపు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో ఆడుతున్నాయి. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీ ఒక లీగ్ మ్యాచ్ కోసం దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు దాటి న్యూజెర్సీకి వెళ్తోంది. అమెరికాలో చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలు మొదటి సెమిస్టర్‌లోనే ఈ గొడవ వింటారు. ఫలానా కాలేజీ ఫలానా కాన్ఫరెన్స్ వదిలేసిందట, ఇంకోటి చేరిందట, ఎవరో ఎవరిమీదో కేసు వేశారట. ఎందుకు వదిలింది, ఎవరు రమ్మన్నారు, ఎవరిని అడిగి చేర్చుకున్నారు అంటే మాత్రం ఎక్కువమంది చెప్పలేరు. బాగా ఆడే కాలేజీని పెద్ద కాన్ఫరెన్స్ పిలుస్తుంది, అంతే కదా అనుకుంటారు. అలా జరగదు. ఎలా జరుగుతుందో విడమరిచి చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

కాన్ఫరెన్స్ అంటే కాలేజీలు తమలో తాము కట్టుకున్న సంఘం. షెడ్యూలు వేసేది అదే, రిఫరీలను పెట్టేది అదే, టీవీ హక్కులు అమ్మి వచ్చిన డబ్బు పంచేది కూడా అదే. వీటన్నిటి పైన ఎన్‌సీఏఏ అనే జాతీయ సంస్థ ఉంది, 1906లో పుట్టింది, కానీ ఏ కాలేజీ ఏ కాన్ఫరెన్స్‌లో ఉండాలనేది దాని చేతిలో లేదు. ఇప్పటికే లోపల ఉన్న యూనివర్సిటీల ప్రెసిడెంట్లు, అంటే మన దగ్గర వైస్ చాన్సలర్ల లాంటి వాళ్లు, ఓటేసి తేలుస్తారు. చాలా చోట్ల మామూలు మెజారిటీ చాలదు, నాలుగింట మూడు వంతులో అంతకన్నా ఎక్కువో కావాలి. కోచ్‌లకు ఓటు లేదు. ఆటగాళ్లకు అసలే లేదు.

గెలుపోటములకూ ఈ సభ్యత్వానికీ నేరుగా సంబంధం లేదన్నది మనకు కాస్త వింతగా ఉంటుంది. మన రంజీ ట్రోఫీలో 2022-23 సీజన్‌లో హైదరాబాద్ చివరి స్థానంలో నిలిచి ఎలీట్ నుంచి ప్లేట్ గ్రూపుకి పడిపోయింది, మరుసటి ఏడాది ప్లేట్ గెలిచి మళ్లీ పైకి వచ్చింది. అమెరికా కాలేజీ ఆటల్లో ఆ నిచ్చెన లేదు. ఏళ్ల తరబడి ఓడిపోతున్న కాలేజీ పెద్ద కాన్ఫరెన్స్‌లో హాయిగా కూర్చుని ఉంటుంది, బయట గెలుస్తున్న కాలేజీ పిలుపు కోసం ఎదురు చూస్తూనే ఉంటుంది.

1984 తీర్పు, ఆ తర్వాత పరుగు

1980ల మొదటి వరకూ కాలేజీ ఫుట్‌బాల్ (సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) టీవీ హక్కులు ఎన్‌సీఏఏ గుప్పిట్లో ఉండేవి. ఏ వారం ఏ మ్యాచ్ టీవీలో రావాలి, ఒక కాలేజీ ఏడాదికి ఎన్నిసార్లు కనిపించాలి అన్నీ అదే నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెక్కాయి. 1984లో సుప్రీంకోర్టు 7-2తో ఇది పోటీ చట్టానికి విరుద్ధమని తేల్చింది. ఆ తీర్పుతో విభేదించిన ఇద్దరిలో ఒకరు జస్టిస్ బైరన్ వైట్, కాలేజీ రోజుల్లో ఆయన కొలరాడో ఫుట్‌బాల్ స్టార్. హక్కులు అమ్ముకునే స్వేచ్ఛ వచ్చాక కాలేజీలు ఒంటరిగా అమ్మడం కన్నా గుంపుగా అమ్మడం మేలని కాన్ఫరెన్సుల ద్వారానే అమ్మడం మొదలుపెట్టాయి. అక్కడి నుంచి కాన్ఫరెన్స్ ఒక టీవీ వ్యాపారం కూడా అయింది.

మొదట దీన్ని పసిగట్టింది దక్షిణాది కాన్ఫరెన్స్ ఎస్‌ఈసీ. పన్నెండు సభ్యులుంటే రెండు విభాగాలు చేసి ఆఖర్లో టైటిల్ మ్యాచ్ పెట్టుకోవచ్చన్న ఎన్‌సీఏఏ నిబంధన అప్పట్లో ఒకటి ఉండేది, దాన్ని పట్టుకుని అర్కాన్సాస్‌నీ సౌత్ కరోలినానీ చేర్చుకుంది. 1992 డిసెంబర్‌లో బర్మింగ్‌హామ్‌లో మొదటి టైటిల్ మ్యాచ్ జరిగింది. అర్కాన్సాస్ వదిలిపెట్టిన సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ నాలుగేళ్లకే మూతపడింది. టెక్సస్‌లో కాస్త వయసు మళ్లిన అభిమానులు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు.

ఒక వాటా తగ్గితే చాలు

అసలు కీలకం ఇక్కడుంది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. బిగ్ 12 కాన్ఫరెన్స్ 2022 అక్టోబర్‌లో ఈఎస్‌పీఎన్, ఫాక్స్ టీవీ సంస్థలతో ఆరేళ్ల ఒప్పందం చేసుకుంది, విలువ సుమారు 228 కోట్ల డాలర్లు. ఆరుతో భాగిస్తే ఏడాదికి 38 కోట్లు. పన్నెండు కాలేజీలకు పంచితే ఒక్కోదానికి సుమారు 3.17 కోట్ల డాలర్లు. ఇప్పుడు పదమూడో కాలేజీ వచ్చి తలుపు తట్టిందనుకోండి. టీవీ వాళ్లు అదనంగా పైసా ఇవ్వమంటే అదే 38 కోట్లను పదమూడుతో భాగించాలి, ఒక్కోదానికి 2.92 కోట్లు వస్తుంది. అంటే లోపలున్న ప్రతి కాలేజీకీ ఏటా దాదాపు 25 లక్షల డాలర్లు తగ్గుతుంది. ఏ ప్రెసిడెంటు తన యూనివర్సిటీకి పాతిక లక్షలు తగ్గేలా ఓటేస్తాడు? ఆ పదమూడో కాలేజీ ఎంత మంచిదైనా, ఎంత చరిత్ర ఉన్నదైనా, తన వాటా తను తెచ్చుకోలేకపోతే దానికి చోటు లేదు. విస్తరణ గురించి మీరు ఏ వార్త చదివినా ముందు ఈ భాగహారం చేసి చూడండి, సగం సంగతి తేలిపోతుంది.

బిగ్ 12 ఆ ఒప్పందంలో ఒక తెలివైన షరతు పెట్టుకుంది. పెద్ద కాన్ఫరెన్స్ నుంచి ఎవరైనా కాలేజీ వస్తే టీవీ సంస్థ ఆ కొత్త సభ్యుడికీ సమానమైన వాటా అదనంగా ఇవ్వాలి. ఇక కొత్తవాళ్లను పిలవడానికి లోపలున్న వాళ్లకు నష్టం ఏముంది? తొమ్మిది నెలలు తిరక్కుండానే ఆ షరతు ఒక శతాబ్దం నాటి కాన్ఫరెన్స్‌ని కూల్చడానికి పనికొచ్చింది, దాని దగ్గరికి వస్తాను.

ఆట మారకుండా లెక్క మారితే ఏమవుతుందో చూడాలంటే ఇదే బిగ్ 12 పాత కథ చాలు. 2016లో కొత్త సభ్యుల కోసం వెతుకుతున్నామని ప్రకటించింది. హ్యూస్టన్, సిన్సినాటి, బీవైయూ, సెంట్రల్ ఫ్లోరిడా ఇలా చాలా కాలేజీలు వరస కట్టాయి, ప్రెజెంటేషన్లు ఇచ్చాయి, రాజకీయ నాయకులతో సిఫారసులు చేయించుకున్నాయి. ఆ అక్టోబర్‌లో ఎవరినీ తీసుకోవడం లేదని కాన్ఫరెన్స్ చెప్పేసింది. 2021 జులైలో టెక్సస్, ఓక్లహోమా ఎస్‌ఈసీకి వెళ్లిపోతామని ప్రకటించగానే సెప్టెంబర్‌లోనే పై నాలుగింటినీ పిలిచింది. ఆ ఐదేళ్లలో ఈ కాలేజీల్లో పెద్దగా మారిందేమీ లేదు, మారింది బిగ్ 12 అవసరం.

భాగహారంలో పైనున్న అంకెను పెంచే దారులు కాలాన్ని బట్టి మారుతుంటాయి. 2012 ప్రాంతంలో అది కేబుల్ కనెక్షన్. ఇంకో పెద్ద కాన్ఫరెన్స్ బిగ్ టెన్ 2007లో సొంత చానెల్ పెట్టింది. సభ్య కాలేజీ ఉన్న రాష్ట్రంలో కేబుల్ కంపెనీ ఒక్కో ఇంటి నుంచి నెలకు దాదాపు డాలరు ఇస్తే, సభ్యులు లేని చోట కొన్ని సెంట్లే ఇచ్చేది. మరి న్యూయార్క్ పక్కనున్న న్యూజెర్సీలో, రాజధాని వాషింగ్టన్ పక్కనున్న మేరీలాండ్‌లో ఒక్కో సభ్యుడు దొరికితే? న్యూజెర్సీలోని రట్గర్స్ జట్టు గొప్పగా ఆడుతోందని దాన్ని చేర్చుకున్నారంటే ఎవరూ నమ్మరు. ఆ ఇళ్లల్లో మ్యాచ్ చూసినా చూడకపోయినా బిల్లు కడతారు కదా, అందుకని 2014లో రట్గర్స్, మేరీలాండ్ రెండూ లోపలికి వచ్చాయి. ఇప్పుడు జనం కేబుల్ తీసేస్తున్నారు కాబట్టి ఆ లెక్క చెల్లదు. ఊళ్లో ఎన్ని ఇళ్లున్నాయి అనేది పోయి దేశమంతటా ఎంతమంది నిజంగా కూర్చుని ఈ జట్టు మ్యాచ్ చూస్తారు అనేది వచ్చింది. టెక్సస్, ఓక్లహోమా, యూఎస్‌సీ లాంటి పేర్లకు గిరాకీ పెరిగింది అందుకే.

పాక్-12 ఎలా ఖాళీ అయింది

పడమటి తీరంలోని పాక్-12 మూలాలు 1915 నాటివి. స్టాన్‌ఫర్డ్, బర్క్లీ, యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ, వాషింగ్టన్, ఒరెగాన్ ఇలాంటి పేర్లన్నీ అందులోనే ఉండేవి. అలాంటిది 2022 జూన్ 30 నుంచి 2023 సెప్టెంబర్ 1 వరకూ పద్నాలుగు నెలల్లో పన్నెండులో పది వెళ్లిపోయాయి.

ఒక్క రోజులో జరిగింది కాదిది. 2012లో పాక్-12 సొంత చానెళ్లు పెట్టుకుంది, యాజమాన్యం నూటికి నూరు శాతం తనదే. బిగ్ టెన్ తన చానెల్లో ఫాక్స్‌ని, ఎస్‌ఈసీ తన చానెల్లో ఈఎస్‌పీఎన్‌ని కలుపుకుంటే పాక్-12 ఎవరినీ కలుపుకోలేదు. లాభమంతా మనదే అనుకున్నారు, కానీ శాటిలైట్ టీవీ సంస్థ డైరెక్ట్‌టీవీ ఆ చానెళ్లను చివరిదాకా తీసుకోలేదు, కోట్ల ఇళ్లకు మ్యాచ్‌లు చేరలేదు. ఇంకో పెద్ద తప్పటడుగు 2021 ఆగస్టులో. టెక్సస్, ఓక్లహోమా పోయి బిగ్ 12 కుదేలైన సమయంలో అక్కడి మంచి కాలేజీలను తీసుకునే అవకాశం పాక్-12కి ఉంది, ఇప్పుడు విస్తరణ వద్దని ప్రకటించింది. నా ఉద్దేశంలో పాక్-12 తలరాత ఆ వారమే తేలిపోయింది, తర్వాత జరిగినవన్నీ దాని పర్యవసానాలే.

మరుసటి ఏడాది యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్‌కి వెళ్తున్నామన్నాయి. లాస్ ఏంజెలెస్ పోయాక పాక్-12 అమ్ముకోవడానికి మిగిలిందే తక్కువ. ఆ ఆగస్టులోనే బిగ్ టెన్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఒప్పందం కుదుర్చుకుంది, అక్టోబర్‌లో బిగ్ 12 తనది ముగించుకుంది. టీవీ సంస్థల జేబులు దాదాపు ఖాళీ అయ్యాక పాక్-12 బజారుకొచ్చింది. ఈఎస్‌పీఎన్ కాలేజీకి 3 కోట్ల డాలర్లు ఇస్తామంటే ప్రెసిడెంట్లు 5 కోట్లు అడిగారని వార్తలొచ్చాయి. చివరికి చేతికొచ్చింది ఆపిల్ ఇచ్చిన ప్రతిపాదన, చందాదారులు పెరిగితే డబ్బు పెరుగుతుంది, పెరగకపోతే బిగ్ 12 ఇచ్చేదానికన్నా తక్కువ.

2023 జులై 27న కొలరాడో బిగ్ 12కి వెళ్లిపోయింది. ఆగస్టు 4 శుక్రవారం పొద్దున్నే మిగిలిన తొమ్మిదీ ఆపిల్ ఒప్పందం మీద సంతకాలు చేస్తాయని అందరూ అనుకున్నారు. ఆ రోజే ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కి వెళ్తున్నట్టు తేలింది, రాత్రి అయ్యేసరికి అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12 దారి పట్టాయి. కొలరాడోతో కలిపి ఆ నాలుగూ పైన చెప్పిన షరతు కింద లోపలికి వచ్చినవే. ఒరెగాన్, వాషింగ్టన్ మాత్రం నిండు వాటా దొరక్కుండానే వెళ్లాయి. మొదట్లో ఏడాదికి 3 కోట్ల డాలర్ల దగ్గర, అంటే బిగ్ టెన్ పాత సభ్యుల వాటాలో సగం దగ్గర ఒప్పుకున్నాయని చెప్పుకున్నారు. సగం వాటా అయినా, పక్కింటి పెద్ద గేటు లోపల ఉండటమే నయమనుకున్నాయి. ఒరెగాన్ మొదటి ఏడాదే బిగ్ టెన్ ఫుట్‌బాల్ టైటిల్ కొట్టింది కూడా.

వీళ్లెవరూ కొత్తగా సంతకం చేయకుండా ఉంది గ్రాంట్ ఆఫ్ రైట్స్ అనే కాగితం మీద. సభ్య కాలేజీ తన సొంత మైదానంలో జరిగే మ్యాచ్‌ల ప్రసార హక్కుల్ని ఫలానా ఏడాది వరకూ కాన్ఫరెన్స్‌కి రాసిచ్చేస్తుంది. ఆ మధ్యలో వెళ్లిపోయినా హక్కులు మాత్రం పాత కాన్ఫరెన్స్ దగ్గరే ఉంటాయి. పొలం పట్టా ఇంకొకరి పేర రాసిచ్చి ఊరు వదిలి వెళ్తే పంట ఎవరిదవుతుందో ఇదీ అంతే. పాక్-12 పాత కాగితం గడువు 2024 వేసవితో ముగుస్తోంది, అందుకే అందరూ ఆ ముందే తలుపు దగ్గర నిలబడ్డారు. అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ కాగితం 2036 వరకూ ఉంది కాబట్టే దాని సభ్యులు ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్ బయటపడలేక కోర్టుకెళ్లాల్సి వచ్చింది.

అదృష్టం లేని ఇద్దరు, డబ్బు కాదన్న ఒకరు

మిగిలినవి నాలుగు. స్టాన్‌ఫర్డ్, బర్క్లీలను అట్లాంటిక్ కోస్ట్ చేర్చుకుంది, డల్లాస్‌లోని ఎస్‌ఎంయూతో కలిపి. ఆ ఓటింగ్ చూడాల్సిన ఓటింగ్. పదిహేనులో పన్నెండు ఓట్లు కావాలి. ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్, నార్త్ కరోలినా, నార్త్ కరోలినా స్టేట్ మొదట వద్దన్నాయి, అంటే ఒక్క ఓటు తక్కువ. నార్త్ కరోలినా స్టేట్ మనసు మార్చుకోగానే సెప్టెంబర్ 1న తలుపు తెరుచుకుంది. స్టాన్‌ఫర్డ్, బర్క్లీ మొదటి ఏడేళ్లు టీవీ డబ్బులో సుమారు 30 శాతం వాటాకే ఒప్పుకున్నాయి. ఎస్‌ఎంయూ ఏమందంటే, తొమ్మిదేళ్లు టీవీ డబ్బు మాకు వద్దే వద్దు.

ఎస్‌ఎంయూ అలా అనడానికి కారణముంది. 1987లో ఆటగాళ్లకు దొంగచాటుగా డబ్బిచ్చినందుకు ఎన్‌సీఏఏ ఆ ఫుట్‌బాల్ జట్టును ఒక సీజన్ పూర్తిగా రద్దు చేసింది, ఆ దెబ్బ నుంచి దశాబ్దాలు తేరుకోలేదు. సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ మూతపడినప్పుడు టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం, టెక్సస్ టెక్, బేలర్ బిగ్ 12లోకి వెళ్తే ఎస్‌ఎంయూ, రైస్, హ్యూస్టన్, టీసీయూ బయట మిగిలాయి. దాదాపు ముప్పై ఏళ్లు బయట ఉన్నవాళ్లకు, అది కూడా చమురు డబ్బు, రియల్ ఎస్టేట్ డబ్బు దండిగా ఉన్న డల్లాస్ పూర్వ విద్యార్థులు వెనకున్నప్పుడు, తొమ్మిదేళ్ల టీవీ వాటా వదులుకోవడం పెద్ద ధర కాదు. చేరిన మొదటి సీజన్‌లోనే, 2024లో, జాతీయ విజేతను తేల్చే కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌కి వెళ్లారు. ఇక్కడ భాగహారంలో కింది అంకె పెరిగింది, కానీ కొత్తవాళ్లు తినేది తక్కువ కాబట్టి మిగిలిన డబ్బు పాతవాళ్లకే చేరింది. పదకొండు కాలేజీల ప్రెసిడెంట్లకు అది నచ్చింది, పన్నెండోవాళ్లు ఆఖరి నిమిషంలో ఒప్పుకున్నారు.

చివరికి మిగిలింది ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. నాకు ఈ రెండింటి విషయం తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఒకటి కార్వాలిస్‌లో, ఇంకోటి పుల్‌మన్‌లో, రెండూ చిన్న ఊళ్లు, రెండూ ప్రభుత్వ భూమితో పుట్టిన వ్యవసాయ యూనివర్సిటీలు. ఆటలో తీసిపోలేదు. ఒరెగాన్ స్టేట్ సుమారు 16 కోట్ల డాలర్లతో తన స్టేడియం బాగు చేయించుకుని కొత్త హంగులతో తెరిచింది 2023 సెప్టెంబర్‌లో, అంటే కాన్ఫరెన్స్ కూలిన నెలకి. చేసిన తప్పల్లా పెద్ద టీవీ మార్కెట్ దగ్గర లేకపోవడం. అదే రాష్ట్రంలోని ఒరెగాన్‌కి పిలుపు వస్తే ఒరెగాన్ స్టేట్‌కి రాలేదు, వాషింగ్టన్ విషయంలోనూ అంతే.

ఆ రెండూ చేతులు ముడుచుకు కూర్చోలేదు. వెళ్తామని చెప్పినవాళ్లకు కాన్ఫరెన్స్ బోర్డులో ఓటు ఉండకూడదని, కాన్ఫరెన్స్ ఆస్తులు మావేనని పుల్‌మన్ ఉన్న విట్మన్ కౌంటీ కోర్టులో కేసు వేశాయి. 2023 నవంబర్‌లో జడ్జి గ్యారీ లీబీ వాళ్లకు అనుకూలంగా ఉత్తర్వు ఇచ్చారు, డిసెంబర్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. వెళ్లిపోయిన పదిమందీ కలిసి సుమారు 6.5 కోట్ల డాలర్లు వదులుకునేలా రాజీ కుదిరింది. పేరు, డబ్బు, బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ నుంచి రావాల్సిన పాత బాకీలు చేతికొచ్చాయి. వాటితోనే పాక్-12ని మళ్లీ కడుతున్నారు.

ఈసారి వాళ్లే ఎంచుకుంటున్నారు

పై స్థాయి ఫుట్‌బాల్ కాన్ఫరెన్స్‌గా గుర్తింపు ఉండాలంటే ఎనిమిది ఫుట్‌బాల్ జట్లు కావాలి, తగ్గితే సర్దుకోవడానికి రెండేళ్ల గడువు. ఆ ఎనిమిది కోసం పాక్-12 చేసినదాన్ని చూస్తే ఎంపిక లోపలి నుంచి ఎలా ఉంటుందో తెలుస్తుంది. 2024 సెప్టెంబర్‌లో పక్కనున్న మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్స్ నుంచి బాయ్సీ స్టేట్, శాన్ డియేగో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, కొలరాడో స్టేట్‌ని, ఆ వెంటనే యూటా స్టేట్‌ని పిలిచింది. మౌంటెన్ వెస్ట్ ఇది ముందే ఊహించి, అంతకు ముందు పాక్-12తో మ్యాచ్‌ల ఒప్పందం చేసుకున్నప్పుడే మా వాళ్లను లాగేస్తే మొదటి కాలేజీకి కోటి డాలర్లు, తర్వాత ఒక్కోదానికి ఐదు లక్షలు పెంచుకుంటూ జరిమానా కట్టాలని రాయించుకుంది. ఐదుకు కలిపి 5.5 కోట్లు. ఒకప్పుడు తమను వదిలి వెళ్లినవాళ్ల మీద కేసు గెలిచిన పాక్-12 ఇప్పుడు ఈ జరిమానా చెల్లదని కోర్టుకెళ్లింది. అన్యాయమైపోయినవాళ్లు తిరిగి అదే పని చేయడం నాకు నచ్చలేదు, కానీ ఎనిమిది దొరక్కపోతే మూసేసుకోవాల్సిందే, వాళ్లకు ఇంకో దారి నాకూ కనిపించలేదు.

శాన్ డియేగో స్టేట్ అనుభవం ఒకటి చెప్పాలి. 2023 జూన్‌లో, పాక్-12 ఇంకా నిలబడి ఉన్నప్పుడు, పిలుపు వస్తుందన్న ఆశతో వెళ్లిపోవాలనుకుంటున్నామని మౌంటెన్ వెస్ట్‌కి ఉత్తరం రాసింది. జూన్ 30 దాటితే ఎగ్జిట్ ఫీజు రెట్టింపవుతుంది. పిలుపు రాలేదు. మౌంటెన్ వెస్ట్ ఆ ఉత్తరాన్నే రాజీనామాగా తీసుకుంటామంది, శాన్ డియేగో స్టేట్ నెలాఖరున లేదు లేదు ఉంటున్నామని చెప్పుకోవాల్సి వచ్చింది. ఒక్క తేదీ మీద ఎంత టెన్షన్ ఉంటుందో చూడండి.

ఫుట్‌బాలే లేని గొంజాగాని కూడా పాక్-12 తీసుకుంది. స్పోకేన్‌లోని ఈ చిన్న కాథలిక్ కాలేజీ బాస్కెట్‌బాల్‌లో 2017, 2021లో జాతీయ ఫైనల్ ఆడింది. ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో ఫైనల్ తప్ప ఒక కాలేజీ ఆడిన ప్రతి మ్యాచ్‌కీ కాన్ఫరెన్స్‌కి ఆరేళ్లపాటు డబ్బు వస్తుంది, మొత్తం మీద ఒక్కో మ్యాచ్ విలువ సుమారు 20 లక్షల డాలర్లు. అయితే బాస్కెట్‌బాల్ బలంతో ఎంతవరకూ నెగ్గుకురావచ్చన్నదానికి ఒక హద్దుంది. యూకాన్ 2023, 2024లో వరసగా జాతీయ విజేత, మహిళల్లో అయితే దానికి సాటి లేదు. అయినా 2024లో బిగ్ 12 దానితో మాట్లాడి పక్కన పెట్టేసింది. కారణం దాని ఫుట్‌బాల్. టీవీ డబ్బులో సింహభాగం ఫుట్‌బాల్‌దే, మిగతావన్నీ దాని తర్వాతే.

డబ్బుతో సంబంధం లేని సంగతులు లేవా అంటే ఉన్నాయి. బిగ్ టెన్ చదువు విషయంలో పట్టింపు ఉన్నది. పరిశోధన యూనివర్సిటీల సంఘమైన ఏఏయూలో సభ్యత్వం ఉండాలని చూస్తుంది. నెబ్రాస్కా 2010లో చేరడానికి ఒప్పుకున్నప్పుడు ఆ సభ్యత్వం ఉంది, 2011లో పోయింది. బీవైయూ ఆదివారం ఆడదు, మత నియమం, అది షెడ్యూలు వేసేవాళ్లకు తలనొప్పి. రాజకీయాలూ ఉంటాయి. 2003లో అట్లాంటిక్ కోస్ట్ విస్తరిస్తున్నప్పుడు తొమ్మిదిలో ఏడు ఓట్లు కావాలి, డ్యూక్, నార్త్ కరోలినా వద్దంటున్నాయి, ఇక వర్జీనియా యూనివర్సిటీ ఓటు లేకపోతే పని జరగదు. గవర్నర్ మార్క్ వార్నర్ ఆ యూనివర్సిటీ మీద ఒత్తిడి తెచ్చారు, మా రాష్ట్రంలోని వర్జీనియా టెక్‌ని కూడా చేర్చుకుంటేనే ఓటేయండని. లోపలికి రావాల్సిన సిరాక్యూస్ బయటే ఉండిపోయింది, వర్జీనియా టెక్ 2004లో చేరింది. యూసీఎల్‌ఏ వెళ్లిపోయినందుకు అదే వ్యవస్థలో ఉన్న బర్క్లీకి ఏటా కోటి డాలర్లు ఇవ్వాలని కాలిఫోర్నియా యూనివర్సిటీ పాలక మండలి (రీజెంట్లు) 2024లో తీర్మానించింది. ఒరెగాన్ స్టేట్ తరఫున అలా అడిగే పై బోర్డు లేదు, అక్కడ ఒక్కో యూనివర్సిటీకి ఒక్కో బోర్డు.

ఫీజు కట్టేది, ఫ్లైట్ ఎక్కేది ఎవరు

ఈ నిర్ణయాలన్నీ ఫుట్‌బాల్ కోసం జరిగాయి, కానీ ఫుట్‌బాల్ జట్టు వారానికి ఒక్క మ్యాచ్ ఆడుతుంది, చార్టర్ విమానంలో వెళ్లి వస్తుంది. దెబ్బ తగిలేది వాలీబాల్, సాఫ్ట్‌బాల్, సాకర్ పిల్లలకు. వారంలో రెండు మూడు మ్యాచ్‌లు, మధ్యలో క్లాసులు, ల్యాబులు, మిడ్‌టర్మ్‌లు. స్టాన్‌ఫర్డ్‌లో ముప్పైకి పైగా క్రీడల జట్లున్నాయి, ఒలింపిక్స్‌లో పతకాలు తెచ్చే పిల్లలు అక్కడ చదువుతారు. వాళ్లలో కొందరు గురువారం బాస్టన్‌లోనో, నార్త్ కరోలినాలోనో ఆడి మూడు టైమ్ జోన్లు దాటి తిరిగొచ్చి సోమవారం పరీక్ష రాయాలి. ఈ ఆటలకు పాత ఇరుగుపొరుగు కాలేజీలతోనే షెడ్యూలు పెట్టి, ఫుట్‌బాల్‌ని ఒక్కదాన్నే దేశమంతటా తిప్పుకోవచ్చు. నోటర్ డామ్ చాలా ఏళ్లుగా ఫుట్‌బాల్‌ని విడిగా ఉంచుకుని మిగతా ఆటలు దాదాపు అన్నీ అట్లాంటిక్ కోస్ట్‌లో ఆడుతోంది, కాబట్టి చేయలేని పనేం కాదు. చేయకపోవడం నాకు తప్పుగానే కనిపిస్తుంది.

కింది స్థాయిలో ఇంకో రకం ఖర్చు. మన తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో చదివే డల్లాస్ చుట్టుపక్కల చూడండి. డెంటన్‌లోని నార్త్ టెక్సస్ 2023లో అమెరికన్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్‌కి మారింది, అదీ హ్యూస్టన్, సిన్సినాటి, సెంట్రల్ ఫ్లోరిడా బిగ్ 12కి వెళ్లగా ఖాళీ అయిన చోట. పైన ఒకటి కదిలితే కింద వరసగా ఐదారు కదులుతాయి. ఆ యూనివర్సిటీలో కొత్త ఫుట్‌బాల్ స్టేడియం కోసం అథ్లెటిక్స్ ఫీజుకి 2008లో విద్యార్థులే ఓటింగ్‌లో ఒప్పుకున్నారు, స్టేడియం 2011లో తెరిచారు. అక్కడ ఎంఎస్ చేసే హైదరాబాద్ కుర్రాడో గుంటూరు అమ్మాయో ఫీజు రసీదు తీసి చూస్తే ఆ పద్దు కనిపిస్తుంది, ఒక్క మ్యాచ్‌కీ వెళ్లకపోయినా. రిచర్డ్‌సన్‌లోని యూటీ డల్లాస్ కూడా ఎన్‌సీఏఏలో కింది అంచె అయిన డివిజన్ 3 నుంచి దాని పైనున్న డివిజన్ 2కి, లోన్ స్టార్ కాన్ఫరెన్స్‌కి మారింది. పై స్థాయి ఫుట్‌బాల్‌కి ఎదగాలంటే ఎన్‌సీఏఏకి కట్టాల్సిన ఫీజును 2023లో ఐదు వేల డాలర్ల నుంచి ఏకంగా యాభై లక్షలకు పెంచారు. ఈ పరుగులోకి దిగే కాలేజీ ఏదైనా ముందు తన విద్యార్థులకు ఆ లెక్క చూపించాలి.

2025 జూన్ 6న ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో జడ్జి క్లాడియా విల్కెన్ ఒక సెటిల్‌మెంట్‌ని ఆమోదించారు. దాంతో కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, 2025-26లో ఒక్కో కాలేజీ సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకూ. ఆటగాళ్లకు ఇది ఎప్పుడో దక్కాల్సింది. కాకపోతే ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్నతో ప్రతి ప్రెసిడెంటూ మళ్లీ అదే భాగహారం దగ్గరికి వస్తున్నాడు, ఈసారి ఇంకాస్త ఆత్రంగా. అట్లాంటిక్ కోస్ట్ 2025 మార్చిలో ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్‌లతో రాజీ పడి టీవీ డబ్బులో 60 శాతాన్ని ఎవరి మ్యాచ్‌లు ఎంతమంది చూశారన్నదాన్ని బట్టి పంచడానికి ఒప్పుకుంది. అంటే కాన్ఫరెన్స్ లోపల కూడా సమాన వాటా అనే మాట పోతోంది. అదే రాజీలో బయటికి వెళ్లే ఫీజు 2026లో 16.5 కోట్ల డాలర్లతో మొదలై ఏటా తగ్గుతూ 2030-31కి 7.5 కోట్లకు వస్తుంది. బిగ్ టెన్ టీవీ ఒప్పందం ముగిసేది 2030లో, బిగ్ 12ది 2031లో. క్లెమ్సన్, ఫ్లోరిడా స్టేట్, నార్త్ కరోలినా ఆ రెండేళ్ల మధ్య ఎవరితో మాట్లాడతాయో, వాళ్ల వెనక ఏ కాలేజీ పుల్‌మన్ లాగా మిగిలిపోతుందో అప్పుడు తేలుతుంది.